కరెంటు ఒకటే, వేడి వేరు

నిరోధం కరెంటును ఎలా అదుపు చేస్తుంది? విద్యుత్తు వేడిగా ఎక్కడ, ఎందుకు మారుతుంది?

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే కాసేపట్లోనే అడుగు రేకు చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతుంది. ఆ పెట్టెకు కరెంటు తెచ్చే తీగ మాత్రం చల్లగానే ఉంటుంది. అరగంట బట్టలు ఇస్త్రీ చేశాక పట్టుకుని చూసినా మహా అయితే గోరువెచ్చగా తగులుతుంది. నిజానికి తీగలో పారే కరెంటు, పెట్టె లోపలి కాయిల్‌లో పారే కరెంటు ఒకటే. తీగలోకి సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు వెళ్తున్నాయో కాయిల్‌లోంచీ సెకనుకు అన్నే వెళ్తున్నాయి. దారిలో ఒక్కటి కూడా తగ్గదు. మరి ఒకే కరెంటు ఒకచోట బట్టల ముడతలు విప్పేంత వేడిని పుట్టించి, జానెడు దూరంలో చల్లగా ఎలా ఉండగలుగుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఇంకా చాలా చిక్కుముడులు విడిపోతాయి. గీజరు ప్లగ్గు ఎందుకు నల్లబడుతుంది? లో వోల్టేజీ వచ్చినప్పుడు బోరు మోటారు ఎందుకు కాలిపోతుంది? పొలాల మీదుగా వెళ్లే పెద్ద టవర్లలో లక్షల వోల్టులు ఎందుకు? చిన్న ఎల్‌ఈడీ బల్బు పక్కన రంగు గీతల రెసిస్టర్ ఎందుకు? వీటన్నిటి వెనకా ఉన్నది ఒకే సూత్రం. కరెంటు దారిలో ఎక్కడ నిరోధం ఉంటే అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడి ఎక్కడ పుట్టాలో, ఎక్కడ పుట్టకూడదో ముందుగా నిర్ణయించుకోవడమే విద్యుత్ విద్యలో సగం.

కాలువ, డ్రాపు, నీళ్లు

ముందు మూడు మాటల సంగతి తేల్చుకుందాం. కరెంటు, వోల్టేజీ, నిరోధం.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెద్ద కాలువల మీద అక్కడక్కడ డ్రాపులు ఉంటాయి. అక్కడ కాలువ నీటిమట్టం ఒక్కసారిగా కిందికి దిగుతుంది. డ్రాపుకు ఎగువన సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు వస్తున్నాయో దిగువన కూడా సెకనుకు అన్నే పోతాయి. డ్రాపు నీళ్లు తాగేయదు. తగ్గేది నీటిమట్టం. ఆ ఎత్తు నుంచి దూకిన నీళ్లలోని శక్తి హోరుగా, సుడులుగా మారి అక్కడే ఖర్చవుతుంది. కాలువ సాఫీగా ఉన్న చోట మైలు దూరం పోయినా మట్టం అంతగా పడదు. డ్రాపు దగ్గర నాలుగడుగుల్లోనే పడిపోతుంది.

సర్క్యూట్‌లో సెకనుకు పారే విద్యుదావేశమే కరెంటు. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. నీటిమట్టాల మధ్య తేడా లాంటిది వోల్టేజీ. డ్రాపు లాంటిది నిరోధం. దీని కొలత ఓం. ఇచ్చిన వోల్టేజీలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది నిరోధమే. వోల్టేజీ మారకుండా నిరోధం రెట్టింపు చేస్తే కరెంటు సగమవుతుంది. నిరోధం సగం చేస్తే కరెంటు రెట్టింపవుతుంది.

చాలామందిలో ఒక అపోహ ఉంది. సర్క్యూట్‌లో నిరోధం కోసం పెట్టే రెసిస్టర్ కొంత కరెంటును మింగేసి మిగిలినదాన్ని బయటికి వదులుతుందని అనుకుంటారు. పదో తరగతి పరీక్ష పేపర్లలో కూడా ఈ పొరపాటు కనిపిస్తుంది. రెసిస్టర్‌కు ముందు ఒక అమ్మీటరు, తర్వాత ఒక అమ్మీటరు పెట్టి చూస్తే రెండూ ఒకే అంకె చూపిస్తాయి. రెసిస్టర్ తగ్గించేది మొత్తం దారిలోని కరెంటును, అంటే తనకు ముందున్న తీగలోనూ, తర్వాత ఉన్న తీగలోనూ ఒకే మేరకు. దాని రెండు కొసల మధ్య పడిపోయేది వోల్టేజీ. ఆ పడిన వోల్టేజీకి తగిన శక్తి వేడిగా బయటికి వస్తుంది.

తీగ లోపల ఏం జరుగుతుంది?

రాగి తీగలో ప్రతి అణువూ ఒక ఎలక్ట్రాన్‌ను స్వేచ్ఛగా వదిలేస్తుంది. స్విచ్చి వేయకముందే ఈ ఎలక్ట్రాన్లు సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగంతో అన్ని దిక్కులకూ తిరుగుతూ ఉంటాయి. అన్ని వైపులకూ సమానంగా పోతాయి కాబట్టి మొత్తం మీద ఎటూ ప్రవాహం ఉండదు.

వోల్టేజీ ఇవ్వగానే ఈ గందరగోళం మీద ఒక చిన్న నెట్టుడు వచ్చి పడుతుంది. ఎలక్ట్రాన్లన్నీ ఒక వైపుకు కొద్దికొద్దిగా జరగడం మొదలుపెడతాయి. ఈ జరుగుడు ఎంత నెమ్మదో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 5 ఆంపియర్ల కరెంటు ఒకే దిశలో పారుతుంటే ఎలక్ట్రాన్లు సెకనుకు పావు మిల్లీమీటరు మాత్రమే ముందుకు జరుగుతాయి. మన ఇళ్లలోని ఏసీ కరెంటులోనైతే ఒక దిక్కున స్థిరంగా కూడా పోవు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. అయినా స్విచ్చి వేయగానే బల్బు వెలుగుతుంది. తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి. వాటిని నెట్టే విద్యుత్ క్షేత్రం తీగ వెంట దాదాపు కాంతివేగంతో వ్యాపిస్తుంది.

ఎలక్ట్రాన్ ఇంత నెమ్మదిగా జరగడానికి కారణం దారిలోని అడ్డంకులు. లోహంలో అణువులు వరసలు తీరి ఉంటాయి కానీ కదలకుండా ఉండవు, కంపిస్తూ ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడ మలినాల అణువులు, వరస తప్పిన చోట్లు ఉంటాయి. క్షేత్రం నెట్టినప్పుడు ఎలక్ట్రాన్ కొంచెం వేగం పుంజుకుంటుంది. అంతలోనే ఏదో ఒకదానికి తగిలి దిక్కు మారిపోతుంది. అప్పటిదాకా సంపాదించిన శక్తిని ఆ అణువులకు ఇచ్చేస్తుంది. మళ్లీ పుంజుకోవడం, మళ్లీ తగలడం. సెకనులో లక్షల కోట్ల సార్లు ఇదే తంతు. శక్తి అందుకున్న అణువులు ఇంకాస్త జోరుగా కంపిస్తాయి. అణువుల కంపనం పెరగడాన్నే మనం వేడెక్కడం అంటాం. విద్యుత్తు వేడిగా మారే స్థలం ఇదే.

స్వచ్ఛమైన రాగిలో అణువులన్నీ ఒకే రకం, వరస చక్కగా ఉంటుంది. కాబట్టి ఎలక్ట్రాన్‌కు అడ్డంకులు తక్కువ. ఇస్త్రీ పెట్టె కాయిల్‌ను నిక్రోమ్‌తో చేస్తారు. దాదాపు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం కలిపిన మిశ్రమ లోహమిది. రెండు రకాల అణువులు క్రమం లేకుండా కలిసిపోయి ఉండటంతో ఎలక్ట్రాన్‌కు అడుగడుగునా అడ్డమే. ఒకే పొడవు, ఒకే మందం ఉన్న రాగి తీగతో పోలిస్తే నిక్రోమ్ తీగ నిరోధం అరవై రెట్లకు పైగా ఎక్కువ. పైగా వేడెక్కినప్పుడు దాని ఒంటి మీద క్రోమియం ఆక్సైడు పలచని పొరగా ఏర్పడి లోపలి లోహాన్ని గాలి సోకకుండా కాపాడుతుంది. అందుకే ఎర్రగా కాలుతున్నా ఏళ్ల తరబడి తెగిపోకుండా పనిచేస్తుంది.

[బాక్సు] ఇద్దరు మనుషులు, రెండు సూత్రాలు

*గేయార్గ్ సైమన్ ఓం (1789–1854):* జర్మనీలోని ఎర్లాంగెన్‌లో తాళాలు చేసే పనివాడి కొడుకు. కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ ప్రయోగాలు చేశాడు. అప్పటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు. అందుకని రెండు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్లలో, మరోదాన్ని మంచులో ఉంచి, ఆ ఉష్ణోగ్రతల తేడాతో నిలకడైన వోల్టేజీ పుట్టించాడు. వేర్వేరు పొడవుల తీగలు కలుపుతూ కరెంటు ఎలా తగ్గుతుందో కొలిచాడు. 1827లో పుస్తకంగా అచ్చువేశాడు. తొలినాళ్లలో సొంత దేశంలోనే పెద్దగా ఆదరణ దొరకలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమావేశం నిరోధం కొలతకు ఆయన పేరు ఖాయం చేసింది.

*జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ (1818–1889):* ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. తీగను చుట్టగా చుట్టి నీళ్ల జాడీలో ముంచి, కరెంటు పంపి, నీళ్లు ఎంత వేడెక్కాయో థర్మామీటరుతో చూశాడు. పుట్టే వేడి నిరోధాన్ని బట్టీ, కరెంటు వర్గాన్ని బట్టీ ఉంటుందని 1841లో ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు

జౌల్ చెప్పిన 'వర్గం' అన్న మాటలోనే అసలు కీలకం ఉంది. ఒక రెసిస్టర్‌లో కరెంటును రెండింతలు చేస్తే వేడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. ఎందుకిలా?

కరెంటు రెట్టింపైనప్పుడు రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. సెకనుకు రెసిస్టర్ దాటే ఆవేశం రెట్టింపవుతుంది. అంత ఆవేశాన్ని అదే నిరోధం గుండా నెట్టడానికి దాని రెండు కొసల మధ్య వోల్టేజీ కూడా రెట్టింపు కావాలి. అంటే ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఆ దారిలో పోగొట్టుకునే శక్తి కూడా రెట్టింపు. పోయేవాళ్లు రెండింతలు, తలా చెల్లించేది రెండింతలు. మొత్తం నాలుగింతలు. సెకనుకు ఇలా ఖర్చయ్యే శక్తినే సామర్థ్యం అంటాం. దాని కొలత వాట్.

ఇక ఇస్త్రీ పెట్టె లెక్క చూద్దాం. పెట్టె 1000 వాట్లది, ఇంటి వోల్టేజీ 230 అనుకుందాం. అప్పుడు కరెంటు సుమారు 4.35 ఆంపియర్లు, కాయిల్ నిరోధం సుమారు 53 ఓంలు. రెండు మీటర్ల కార్డులో వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి నాలుగు మీటర్ల రాగి ఉంటుంది. దాని నిరోధం దాదాపు 0.1 ఓం. అదే కరెంటుకు కాయిల్‌లో 1000 వాట్ల వేడి పుడితే కార్డులో పుట్టేది దాదాపు 2 వాట్లు. అదీ నాలుగు మీటర్ల పొడవునా పరుచుకుని గాలిలో కలిసిపోతుంది. 230 వోల్టుల్లో అర వోల్టు కూడా కార్డులో పడదు. మిగిలినదంతా కాయిల్‌లోనే పడుతుంది. తీగ చల్లగా ఉండటానికి కారణం ఇంతే.

నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా?

ఇక్కడ చాలామంది తడబడతారు. నిరోధం ఎక్కువున్న కాయిల్‌లో వేడి ఎక్కువ పుట్టిందని ఇప్పుడే చెప్పుకున్నాం. కానీ 1000 వాట్ల హీటరు కాయిల్ నిరోధం 53 ఓంలైతే, అంతకంటే ఎక్కువ వేడినిచ్చే 2000 వాట్ల గీజరు ఎలిమెంటు నిరోధం సగమే, 26 ఓంల చిల్లర. నిరోధం తగ్గితే వేడి పెరిగిందేమిటి?

రెండూ నిజమే. ఏది స్థిరంగా ఉంది, ఏది మారుతోంది అన్నది చూడాలి. ఇంట్లోని పరికరాలన్నీ సమాంతరంగా కలిపి ఉంటాయి. ప్రతిదానికీ అదే 230 వోల్టులు అందుతాయి. వోల్టేజీ మారనప్పుడు నిరోధం తక్కువున్నది ఎక్కువ కరెంటు లాక్కుని ఎక్కువ వేడెక్కుతుంది. ఒకే దారిలో వరసగా, అంటే శ్రేణిలో కలిపినవాటి సంగతి వేరు. వాటన్నిటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. అక్కడ వోల్టేజీ నిరోధాలను బట్టి పంపిణీ అవుతుంది. నిరోధం ఎక్కువున్న దానికే ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి.

పాత ఫిలమెంటు బల్బులతో ఇది కళ్లకు కడుతుంది. 100 వాట్ల బల్బు, 60 వాట్ల బల్బు విడివిడిగా పెడితే 100 వాట్లదే ఎక్కువ వెలుగిస్తుంది. రెండింటినీ శ్రేణిలో కలిపితే వరస తారుమారవుతుంది. 60 వాట్ల బల్బు ఫిలమెంటు నిరోధం ఎక్కువ కాబట్టి అదే ఎక్కువ వెలుగుతుంది, 100 వాట్లది మసకబారుతుంది. బల్బు మీద రాసిన వాట్లు 230 వోల్టులు నేరుగా ఇచ్చినప్పటి మాట. వోల్టేజీ మారితే ఆ వాట్లూ మారిపోతాయి. హీటరుకు సగం వోల్టేజీ ఇస్తే కరెంటూ సగమవుతుంది, వేడి నాలుగో వంతుకు పడిపోతుంది.

ఫిలమెంటు బల్బు ఇంకొక సంగతి కూడా నేర్పుతుంది. లోహం వేడెక్కే కొద్దీ అణువుల కంపనం పెరిగి ఎలక్ట్రాన్లకు అడ్డంకి పెరుగుతుంది. టంగ్‌స్టన్ ఫిలమెంటు చల్లగా ఉన్నప్పటి నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో పదో వంతు కూడా ఉండదు. అందుకే స్విచ్చి వేసిన తొలి క్షణంలో మామూలు కంటే పది రెట్లకు మించి కరెంటు దూసుకుపోతుంది. పాత బల్బులు చాలావరకు స్విచ్చి వేసినప్పుడే ఠప్పున మాడిపోవడానికి కారణం అదే.

[బాక్సు] మెకానిక్ షాపులో సీరీస్ బల్బు

టీవీలు, మిక్సీలు, మోటార్లు బాగుచేసే షాపుల్లో గోడకు ఒక చెక్క బోర్డు కనిపిస్తుంది. దాని మీద ఒక హోల్డరు, అందులో 100 లేదా 200 వాట్ల ఫిలమెంటు బల్బు, పక్కన ఒక సాకెట్. దాన్నే సీరీస్ బోర్డు అంటారు. అనుమానం ఉన్న పరికరాన్ని ఆ సాకెట్‌లో పెడితే కరెంటు బల్బు గుండా వెళ్లి పరికరంలోకి పోతుంది. పరికరం లోపల షార్ట్ అయి ఉంటే దాని నిరోధం దాదాపు సున్నా. అప్పుడు మొత్తం వోల్టేజీ బల్బు మీద పడి అది నిండుగా వెలుగుతుంది. ఫ్యూజు పోదు, మంట రాదు, ఎందుకంటే కరెంటుకు హద్దు వేసేది బల్బు నిరోధం. బల్బు అసలు వెలగకపోతే పరికరంలో ఎక్కడో తీగ తెగిందన్నమాట. మంచి పరికరమైతే దాని నిరోధాన్ని బట్టి బల్బు మసకగా వెలుగుతుంది. మీటరు తియ్యకుండానే మెకానిక్ నిరోధాన్ని కంటితో కొలుస్తున్నాడు.

రంగు గీతల రెసిస్టర్

ఇప్పుడు చిన్న సర్క్యూట్‌లోకి వద్దాం. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు. దాన్ని నేరుగా 12 వోల్టుల అడాప్టరుకు కలిపితే క్షణంలో పోతుంది. ఎల్‌ఈడీకి మామూలు తీగలాగా స్థిరమైన నిరోధం ఉండదు. వోల్టేజీ కొంచెం పెరిగితే చాలు, కరెంటు ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. దాన్ని అదుపు చేయడానికి పక్కన శ్రేణిలో ఒక రెసిస్టర్ పెడతారు.

ఎంత పెట్టాలి? 12లో 2 వోల్టులు ఎల్‌ఈడీకి పోగా మిగిలిన 10 వోల్టులు రెసిస్టర్ మీద పడాలి. కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో వందో వంతు ఉంటే చాలనుకుందాం. అప్పుడు కావలసినది 1000 ఓంల రెసిస్టర్. గోధుమ, నలుపు, ఎరుపు గీతలు వరసగా ఉండి, చివర కాస్త ఎడంగా బంగారు రంగు గీత ఉన్నది. మొదటి రెండు గీతలు 1, 0 అంకెలు. మూడోది వాటి పక్కన రెండు సున్నాలు చేర్చమంటుంది. బంగారు గీత, అసలు విలువ చెప్పినదానికి 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని చెబుతుంది.

ఇంకొక లెక్క మిగిలింది. చాలామంది దీన్నే మరిచిపోతారు. ఆ రెసిస్టర్ మీద 10 వోల్టులు, దానిలో వందో వంతు ఆంపియరు. పుట్టే వేడి వాటులో పదో వంతు. షాపుల్లో మామూలుగా దొరికే పావు వాటు రెసిస్టర్ దీన్ని సునాయాసంగా తట్టుకుంటుంది. అదే 1000 ఓంల పావు వాటు రెసిస్టర్ మీద 100 వోల్టులు పెడితే కరెంటు పదింతలై, వేడి వందింతలై 10 వాట్లకు చేరుతుంది. బియ్యపు గింజంత వస్తువు అంత వేడిని గాలిలోకి వదలలేదు. ముందు గీతల రంగు మాడుతుంది, తర్వాత పొగ వస్తుంది. ఓంలు కరెంటు ఎంతో చెబుతాయి. వాట్లు రెసిస్టర్ బతుకుతుందో లేదో చెబుతాయి. అందుకే ఎక్కువ వేడి తట్టుకోవాల్సిన చోట తీగ చుట్టి తెల్లని సిమెంటు దిమ్మెలో పొదిగిన పెద్ద రెసిస్టర్లు వాడతారు. వేడిని బయటికి వదలడానికి కావలసిన ఒంటి వైశాల్యం కోసమే ఆ సైజు.

కావాలని పుట్టించే వేడి, పోగొట్టుకునే వేడి

పాత డబ్బా ఫ్యాన్ రెగ్యులేటర్లు గుర్తున్నవారికి అవి వేడెక్కేవన్న సంగతీ గుర్తుండే ఉంటుంది. లోపల నిరోధపు తీగ చుట్టలు ఉండేవి. నాబ్ తిప్పి స్పీడు తగ్గిస్తే ఫ్యాన్‌తో శ్రేణిలో మరికొంత నిరోధం చేరేది. ఫ్యాన్‌కు అందే వోల్టేజీ తగ్గేది. ఆ తగ్గిన వోల్టేజీ తాలూకు శక్తి డబ్బాలో వేడిగా పోయేది. ఫ్యాన్ నెమ్మదించినా బిల్లు ఆ మేరకు తగ్గకపోవడానికి కారణం అదే. ఇప్పటి రెగ్యులేటర్లు కెపాసిటర్లతోనో, కరెంటు అలను సెకనుకు వంద సార్లు కత్తిరించే ఎలక్ట్రానిక్ స్విచ్చితోనో పనిచేస్తాయి. వాటిలో వృథా వేడి చాలా తక్కువ.

ఉన్న శక్తిని కావాలనే వేడిగా వదిలేయాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. డీజిల్ ఎలక్ట్రిక్ రైలింజను వాలులో దిగుతున్నప్పుడు చక్రాలను తిప్పే మోటార్లనే జనరేటర్లుగా మారుస్తారు. రైలు వేగం విద్యుత్తుగా మారి ఇంజను పైభాగంలోని పెద్ద రెసిస్టర్ చట్రాల్లోకి వెళుతుంది. ఫ్యాన్లు ఆ వేడిని గాలిలోకి తోసేస్తాయి. బ్రేకు దిమ్మెలు అరగకుండా బండి అదుపులో ఉంటుంది. విద్యుత్ రైలింజన్లకు పైన తీగ ఉంది కనుక ఇప్పటి ఇంజన్లు ఆ శక్తిని తిరిగి తీగలోకే పంపేస్తాయి.

లక్షల వోల్టులు ఎందుకు?

వర్గం సూత్రం మన దేశంలో విద్యుత్ టవర్ల ఎత్తును కూడా నిర్ణయించింది. 10 లక్షల వాట్ల సామర్థ్యాన్ని ఒక లైను మీద పంపాలనుకుందాం. లైను మొత్తం నిరోధం 1 ఓం. 1000 వోల్టుల దగ్గర పంపితే 1000 ఆంపియర్లు కావాలి. లైనులో పుట్టే వేడి 10 లక్షల వాట్లు. పంపిందంతా దారిలోనే పోయింది, ఊరికి చేరేది సున్నా. 10 వేల వోల్టులైతే 100 ఆంపియర్లు చాలు, నష్టం 10 వేల వాట్లు, అంటే ఒక శాతం. లక్ష వోల్టులైతే 10 ఆంపియర్లే, నష్టం 100 వాట్లు. వోల్టేజీ పదింతలు చేసినప్పుడల్లా నష్టం వందో వంతుకు దిగింది. అందుకే దూరం లైన్లకు 4 లక్షల వోల్టులు, 7 లక్షల 65 వేల వోల్టులు వాడుతున్నారు. దక్షిణాది గ్రిడ్‌ను మిగతా దేశంతో ఏకం చేసిన రాయచూరు–సోలాపూర్ లైను 7 లక్షల 65 వేల వోల్టులదే. 2013 డిసెంబరు 31న అది మొదలైంది.

ఇదే లెక్క పొలం గట్టు మీద తిరగబడితే రైతుకు నష్టం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా దూరం ఎక్కువ, తీగ సన్నం, మధ్యలో అతుకులు. తీగలోనే వోల్టేజీ కొంత పడిపోతుంది. ఇస్త్రీ పెట్టెకు వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది, కొంచెం తక్కువ వేడెక్కి ఊరుకుంటుంది. మోటారు అలా ఊరుకోదు. బోరు లోతు నుంచి నీళ్లు తోడే బరువు దాదాపు అంతే ఉంటుంది. ఆ పని పూర్తి చేయడానికి వోల్టేజీ తగ్గిన మేరకు కరెంటు ఎక్కువ లాగుతుంది. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే కరెంటు నాలుగో వంతు దాకా పెరగొచ్చు. వర్గం లెక్కన వైండింగ్‌లో వేడి సగానికి మించి పెరుగుతుంది. రాగి తీగ మీది ఎనామిల్ పూత మాడి, పక్కపక్క చుట్లు తగులుకుని, వైండింగ్ కాలిపోతుంది. పెరిగిన కరెంటు వల్ల తీగలో వోల్టేజీ ఇంకా పడుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మిగతా మోటార్లకూ ఆ దెబ్బ తగులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌వీడీఎస్ పేరుతో 11 వేల వోల్టుల లైనును బోర్ల దగ్గరిదాకా తెచ్చి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున పెట్టడం మొదలుపెట్టింది ఇందుకే. తక్కువ వోల్టేజీ తీగ పొడవు తగ్గితే నష్టమూ తగ్గుతుంది.

నిరోధం బొత్తిగా లేకుండా చేయలేమా? చేయవచ్చు, కానీ ఖర్చు ఎక్కువ. పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే దాని నిరోధం మాయమైపోతుందని 1911లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ కనుగొన్నాడు. ఆసుపత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రాల అయస్కాంతాల్లో నేడు ఆ సూత్రమే పనిచేస్తోంది. ద్రవ హీలియంలో ముంచిన తీగచుట్టలో వందల ఆంపియర్ల కరెంటు వేడి పుట్టించకుండా తిరుగుతూ ఉంటుంది.

ఎంసీబీకి కనపడని ప్రమాదం

చివరిగా, అందరి ఇళ్లకూ సంబంధించిన సంగతి. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. దాని ప్లగ్గు పిన్ను, సాకెట్‌లోని ఇత్తడి పట్టు గట్టిగా అతుక్కుని ఉంటే వాటి మధ్య నిరోధం లెక్కలోకి రానంత తక్కువ. పట్టు వదులై, పిన్ను మీద చిలుము పట్టి, అక్కడ అర ఓం నిరోధం ఏర్పడిందనుకోండి. అగ్గిపుల్ల తలంత చోట 35 వాట్లకు పైగా వేడి పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ తన మొనతో సోల్డరును కరిగించేస్తుంది. అంతకు మించిన వేడి గోడలోని ప్లాస్టిక్ సాకెట్ లోపల పుడుతోందన్నమాట.

ఇక్కడి నుంచి పరిస్థితి తనంతట తనే ముదురుతుంది. వేడికి పిన్ను మీద ఆక్సైడు పొర మందమవుతుంది, ఇత్తడి పట్టు స్ప్రింగు బిగువు కోల్పోతుంది. నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. సాకెట్ రంగు మారుతుంది, నల్లబడుతుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. గీజరులో నీళ్లు మాత్రం మామూలుగానే కాగుతాయి. 230 వోల్టుల్లో నాలుగైదు వోల్టులు పోయినా మనకు తేడా తెలియదు.

ఈ లోపంలో ఎంసీబీ పడదు. కరెంటు హద్దు మీరినప్పుడే అది పడుతుంది. ఇక్కడ దారిలో కొత్తగా నిరోధం చేరింది కాబట్టి కరెంటు పెరగలేదు, కొంచెం తగ్గింది కూడా. ఎంసీబీ ఉంది కదా అని ధీమాగా ఉండటానికి వీల్లేదు. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు, బిగించని స్క్రూలు, ఒకే సాకెట్ మీద మూడు అడాప్టర్లు, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

పాత పింగాణీ ఫ్యూజుల్లో వేడి ఎక్కడ పుట్టాలో పెద్దలు ముందే ఆలోచించి పెట్టారు. సన్నని ఫ్యూజు తీగ మొత్తం దారిలో అన్నిటికంటే బలహీనమైన చోటు. కరెంటు మితి మీరితే ముందు అదే కరిగి తెగుతుంది. మాటిమాటికీ పోతోందని అక్కడ లావు రాగి తీగ చుట్టేస్తే ఆ వేడి గోడల్లోని వైరింగులోకి మారిపోతుంది. ఎంసీబీ తరచూ పడుతోందని దాని స్థానంలో పెద్ద ఆంపియర్లది బిగించడమూ అంతే.

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. గీజరు, ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్ స్టవ్, ఏసీ లాంటి పెద్ద లోడు పావుగంట వాడాక స్విచ్చి ఆపి, పొడి చేత్తో ప్లగ్గు తీసి దాని ఒళ్లు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేడిగా ఉన్నా, పిన్నులు నల్లబడినా, సాకెట్ రంగు మారినా ఆ పరికరాన్ని ఆ సాకెట్‌లో మళ్లీ పెట్టకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్, ప్లగ్గు రెండూ మార్పించండి. వెనక తీగ కొస మాడి ఉంటే కత్తిరించి కొత్తగా బిగించమనండి. కొత్త సాకెట్ ఖర్చు కొద్ది వందల రూపాయలకు మించదు.